సూదంటురాయి పట్టని నలుపు

పరంజ్యోతిది మోటు చెయ్యి అని ఆళ్లగడ్డ మొత్తం తీర్మానించేసింది. ఏడాది తిరక్కుండా వ్యాను గేరుబాక్సు రెండుసార్లు పళ్లు రాలగొట్టుకుంది. తప్పు ఇనుముదని ఎవరంటారు? ఇనుముకు నోరు లేదు, కులం లేదు. డ్రైవరుకు రెండూ ఉన్నాయి.

వ్యాను కమలాక్షమ్మది. మొగుడు పోయిన ఏడాదికే, మరుదుల కన్ను పొలం మీద పడిందని కనిపెట్టి, ఎద్దుల్ని అమ్మేసి మిలిటరీ వేలంలో ఆ పాత వ్యానును కొనిపించిన మనిషి. బేతంచెర్ల నాపబండలు నంద్యాలకు, ఆళ్లగడ్డకు. ఆళ్లగడ్డ వేరుశనక్కాయలు, పత్తి మళ్లీ నంద్యాలకు. ఖాళీగా తిరిగిన రోజు లేదు. బండలు ఎక్కిస్తే వెనక చక్రాలు బురదలో దిగిన దున్నల్లా అణిగిపోయేవి. అయినా లాగేది. నెలకొక్క అమావాస్య నాడే దానికి విశ్రాంతి. ఎద్దుల కాలం నుంచీ ఆ ఇంట్లో అమావాస్యకు కాడి కట్టరు. ఎద్దులు పోయి వ్యాను వచ్చినా ఆ కట్టు మాత్రం మారలేదు.

రెండోసారి గేరుబాక్సు విప్పి పెట్టినప్పుడు కమలాక్షమ్మ అరుగు మీద నిలబడి, గొంతు పెంచకుండానే చెప్పింది.

"పరంజ్యోతీ, మూడోసారి ఇది అరిచిందంటే బీగంచెవి ఈ గూట్లో పెట్టి పో. నేనేం అడగను. నువ్వేం చెప్పొద్దు."

పక్కన కూర్చున్న మరిది వెంకటేశ్వర్లు మీసం దువ్వుకున్నాడు. కర్నూల్లో తనకు తెలిసిన డ్రైవరు ఒకడున్నాడనీ, వాడి చెయ్యి వెన్నపూస అనీ వదినకు వినిపించేట్టు చెప్పాడు. అతను ఆ మాట అనడం అది మూడోసారో నాలుగోసారో.

బీగంచెవి, అదే వ్యాను తాళంచెవి, వదులుకోవడమంటే మాటలా? పరంజ్యోతి మిడుతూరు దగ్గరి పల్లెలో పుట్టాడు. పదేళ్లకే ఆసామి పశువుల్ని తోలాడు, పేడ ఎత్తాడు, బండి ఇరుసులకు కందెన పూశాడు. యుద్ధం రోజుల్లో మిలిటరీలో మూటలు మొయ్యడానికి పోయి, స్టీరింగు పట్టడం నేర్చుకుని వచ్చాడు. పోయేటప్పుడు 'ఒరే' అన్న నోళ్లే వచ్చాక 'డ్రైవరప్పా' అన్నాయి. ఆ 'అప్పా' తనది కాదని, జేబులో ఉన్న ఇనుప ముక్కదని అతనికి బాగా తెలుసు. అది గూట్లోకి పోయిన రోజున తను మళ్లీ 'ఒరే'.

ఆ రోజు నుంచి గేరు మార్చాలంటే పసిబిడ్డ మాడు మీద చెయ్యి వేసినట్టు వేసేవాడు. క్లచ్చి తొక్కే కాలు పిక్కలు పట్టేసేవి. ఎదురుగా వచ్చే బస్సు హారను వినిపించేది కాదు గానీ, కాళ్ల కింద గేరుబాక్సు చేసే చిన్న గొణుగుడు మాత్రం చెవిలో పడేది. ఎంత మెత్తగా తోలినా అనుమానం పోలేదు. ఊరంతా అంటున్నది నిజమేనేమో, తన చెయ్యి నిజంగానే మోటేమో.

నంద్యాలలో పరంజ్యోతి పెండ్లాం హన్నమ్మకు అన్న అయ్యే దావీదుకు ఆయిలింజన్లు బాగుచేసే షెడ్డు ఉంది. పరంజ్యోతి కాపురం కూడా నంద్యాలలోనే. ఒక మధ్యాహ్నం బండలు దించి షెడ్డుకు పోతే, దావీదు ఆకురాయి పట్టినప్పుడు నేల మీద రాలిన ఇనుప పొడిని ఏదో ముక్కతో ఎత్తుతున్నాడు. చచ్చిన ఇంజను మాగ్నెటోలోంచి తీసిన సూదంటురాయి. పొడి దానికి పట్టుకుని ముళ్లపందిలా నిక్కబొడుచుకుంది.

పరంజ్యోతి చాలాసేపు చూశాడు. గేరుబాక్సులో పళ్లు అరిగి రాలిన పొడి నూనెలోనే తిరుగుతూ మిగతా పళ్లనూ తింటుంది గదా, ఆ పొడిని ఇది పట్టుకోదా అని అడిగాడు. పట్టుకుంటుందన్నాడు దావీదు. మరి బండల దుమ్మో? రాతిదుమ్మును సూదంటురాయి పట్టదు. దానికి జాలి కావాలి. ఇద్దరూ కూర్చుని సాయంత్రం దాకా కుస్తీ పట్టారు. పెట్రోలు గరాటుకుండే ఇత్తడి జాలిని కత్తిరించి, ఉగ్గుగిన్నె అంత బుట్ట అల్లి, నూనె దింపే కింది బిరడా లోపలి వైపు టంకం వేశారు. బుట్ట నడుమ సూదంటురాయి ముక్క పెట్టి రాగితీగతో బిగించి, పాత నూనె పారబోసి కొత్తది పోశారు. బండి నడిచేటప్పుడు నూనె ఎగిరెగిరి ఆ బుట్టలోంచి పారుతుంది. ఇనుము రాయికి అంటుకుంటుంది, మిగతా చెత్త జాలిలో దిగబడుతుంది.

"తీగ ఊడిందనుకో," అన్నాడు దావీదు చేతులు తుడుచుకుంటూ, "ఆ రాయే పోయి పళ్ల నడుమ పడతాది. అప్పుడు నీది మోటు చెయ్యి గాదు బావా, మోటు బుర్ర."

ఆ మాట చెవిలో పెట్టుకునే రెండు వారాలు తోలాడు. ప్రతి గతుకుకూ చెవి కిందికి పెట్టేవాడు. పదిహేనో రోజున బిరడా విప్పి చూశాడు. రాయి కదల్లేదు. దాని మీద సన్నటి నూగు, అంతే. జాలి కడిగినట్టు శుభ్రంగా ఉంది. తన చెయ్యి పళ్లను విరిచేదే అయితే ఇంత కొంచెం పొడి రాలదు గదా. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాడు.

ఆ వారంలోనే అమావాస్య వచ్చింది. ఎప్పటిలాగే వ్యానును ఆళ్లగడ్డలో కమలాక్షమ్మ ఇంటి దగ్గర, ఒకప్పుడు ఎద్దులు కట్టిన గాటిపాటు పక్కన నిలిపి, బస్సెక్కి నంద్యాలకు పోయాడు. అతనికి అది అమావాస్య కాదు, నెలకొకసారి ఇంటికి పోయే రోజు. అతని లెక్కంతా చర్చి ఆదివారాలతోనే. హన్నమ్మ సంగటి పెడుతూ, ఆ వ్యాను తనకు సవితి అని ఎత్తిపొడిచింది.

"నువ్వు నాకాడికి వచ్చిపోయిన వారంలోపలే దానికి రోగమొస్తాది. సంక్రాంతి ముందూ అంతే, శివరాత్రి పోయినాకా అంతే. కుళ్లు దానికి."

పరంజ్యోతి నవ్వి ఊరుకున్నాడు. ఆడదాని ఎకసెక్కెం అనుకున్నాడు.

నాలుగు రోజులు గడిచాయి. బండల లోడుతో నంద్యాల నుంచి వస్తున్నాడు. సిరివెళ్ల దాటాక గేరుబాక్సు అరిచింది. మొదట ఈగ రొదలాగా, తర్వాత మెడకు ఉరి బిగిసిన కుక్క మూలిగినట్టు. పరంజ్యోతి రాయి ఊడిందనే అనుకున్నాడు. వ్యానును పక్కకు తీసి, నల్లరేగడి మీద వెల్లకిలా పడుకుని కిందికి దూరాడు. డబ్బా పెట్టి, పానాతో బిరడా తిప్పాడు. కాలే నూనె మోచేతి దాకా కారింది.

రాయి ఊడలేదు. తీగ బిగించింది బిగించినట్టే ఉంది. కానీ జాలి కనిపించడం లేదు. బుట్ట నిండా జిగటగా, తారులాగా నల్లటి ముద్ద.

ఇంత పొడి రాలిందంటే పళ్లన్నీ పోయినట్టే.  తర్వాత ఏం తోచిందో, బయటికి వచ్చి, తన సద్దిగిన్నె ఇత్తడి మూత తీసుకుని, ఆ ముద్దను దాని మీద పలచగా పూశాడు. తీగ విప్పి, రాయిని మూత కింద అటూ ఇటూ నడిపించాడు. ఆ నలుపులో అక్కడక్కడ నాలుగు ఇనుప వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. మిగతా నలుపు కదల్లేదు. మళ్లీ తిప్పాడు. చచ్చినట్టు పడి ఉంది.

ఇనుము కాదు. బండల దుమ్మా అంటే, అది తెల్లగా ఉంటుంది. వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు.

ముప్పై ఏళ్ల కిందటి వాసన. ఆముదం, కాల్చిన గడ్డి మసి. కందెన. ఆసామి బండికి ఇరుసు ఊడదీసి, మణికట్టు దాకా పూసుకున్న కందెన. వేళ్ల మధ్య ఇసక కూడా కరకరలాడింది. ఎద్దులబండి చెక్క ఇరుసుకు అది అమృతమే. గేరు పళ్ల నడుమ ఆకురాయే.

హన్నమ్మ ఎకసెక్కెం అప్పుడు గుర్తొచ్చింది. తను ఇంట్లో ఉండేది ఎప్పుడు? వ్యాను ఆళ్లగడ్డలో ఒంటరిగా ఉండేది ఎప్పుడు? అమావాస్య నాడు ఎద్దులకు విశ్రాంతి, ఇరుసులకు కందెన. ఆ ఇంట్లో ఇరుసులకు కందెన పెట్టే మనిషి ఒక్కడే.

సుబ్బయ్య. నలభై ఏళ్లు ఆ ఇంటి ఎద్దులబండి తోలిన ముసలాయన. ఎద్దుల్ని అమ్మినప్పుడు మూడు రోజులు అన్నం ముట్టలేదట. ఇంకో సంగతి కూడా పరంజ్యోతికి గుర్తొచ్చింది. పోయిన ఏడు ఉగాది నాడు సుబ్బయ్య వ్యాను చుట్టూ తిరిగి, ఇది నూనె యాడ తాగుతాదప్పా అని అడిగితే, ముచ్చటపడి గేరుబాక్సు పక్క బిరడా విప్పి చూపించింది తనే.

నూనెను తలగుడ్డలో వడగట్టి మళ్లీ పోసి, రెండో గేరు మీద నడకతో నడిపించుకొచ్చాడు. ఊళ్లోకి వచ్చేసరికి పొద్దు వాలింది. వీధి మలుపు తిరగక ముందే అరుపు ఇంటికి చేరింది. కమలాక్షమ్మ అప్పటికే అరుగు మీద నిలబడి ఉంది. వెంకటేశ్వర్లు కూర్చున్నవాడు లేచాడు. ఆమె చేత్తో గూడు చూపించింది.

పరంజ్యోతి దిగి, మొదట బండ్లపాకలోకి తొంగి చూశాడు. రెండేళ్లుగా కదలని ఎద్దులబండి కింద వెదురు కందెన గొట్టం వేలాడుతోంది. దాని మూతిగుడ్డ తడిగా నిగనిగలాడుతోంది. గాటిపాటు దగ్గర సుబ్బయ్య తాడు పేనుకుంటున్నాడు.

పేరు నాలుక చివరనే ఉంది. కానీ నలభై ఏళ్ల ఇంటిమనిషి మీద తన నోట వచ్చిన మాటను ఎవరు నమ్ముతారు? అతన్ని ఆపింది జాలి కాదు, భయం. అరుగు ముందు నిలబడి, మూతను, రాయిని చాపాడు.

"అమ్మా, ఒక్కసారి చూడండి. సూదంటురాయి పట్టేది ఇనుము. పట్టనిది ఇనుము గాదు. ఇది గేరుబాక్సులో పుట్టింది గాదు, బయటినుంచి వచ్చింది."

కమలాక్షమ్మ కిందికి దిగింది. మూతను ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె కూడా సేద్యగాళ్ల ఇంట పుట్టిన మనిషే. ముఖం మారింది.

"ఆముదం," అంది. "ఎవరు పోసినారు?"

పరంజ్యోతి కళ్లు గాటిపాటు వైపు పోబోయి ఆగాయి.

"ఎవరేందీ వదినా," అన్నాడు వెంకటేశ్వర్లు. "వీడే. చిన్నప్పుడు ఇరుసులకు పూసిన చెయ్యి గదా, పాత పని మర్చిపోలేదు. గేరాయిలు అమ్ముకుని కందెన పోసింటాడు."

 నోరు తెరిస్తే ఏం వస్తుందో పరంజ్యోతికే తెలియదు. జేబులో చెయ్యి పెట్టి బీగంచెవి తీశాడు. గూటికి, చేతికి జానెడు దూరం ఉంది.

"పోసింది నేను."

సుబ్బయ్య తాడు కింద పెట్టి లేచాడు. తప్పు ఒప్పుకునే గొంతు కాదు. చేసిన పని చెప్పుకునే గొంతు.

"అమావాస్యకు బండికి కందెన పెట్టకుండా నేనేనాడన్నా కూడు తిన్న్యానా తల్లీ? అయ్య పోతా పోతా బండి నీ పూచీ సుబ్బయ్యా అన్న్యాడు. ఎద్దుల్ని అమ్మితిరి. బండి మారె. మాట మారలే గదా."

 వ్యాను ఇంజను చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది.

"అది తాగే చోటు నీకెవరు చూపిచ్చినారు?" అంది కమలాక్షమ్మ.

సుబ్బయ్య పరంజ్యోతి వైపు చూశాడు. చూసి, కళ్లు తిప్పుకున్నాడు. చెప్పలేదు. ఆ ముసలాయన ఆ ఒక్క క్షణం నోరు కట్టుకోవడమే పరంజ్యోతి నోరు తెరిపించింది.

"నేనేనమ్మా. యాడ తాగుతాదో చూపిచ్చినా. ఏం తాగుతాదో చెప్పలే."

ఇద్దర్నీ పంపించెయ్యమన్నాడు వెంకటేశ్వర్లు. కమలాక్షమ్మ వినిపించుకోలేదు. రాయిని తన చేతిలోకి తీసుకుని, మూత కింద తనే తిప్పి చూసింది. నాలుగు వెంట్రుకలు లేచాయి, పడ్డాయి. మళ్లీ తిప్పింది.

"కర్నూలు వాని చెయ్యి వెన్నపూసంటివే," అంది మరిదితో. "నెలనెలా కందెన పోస్తాంటే వెన్నపూస మాత్రం ఏం జేస్తాది?" తర్వాత పరంజ్యోతి వైపు తిరిగింది. "బీగంచెవి జేబులో పెట్టుకో. కానీ నా మాట నాదే. నాలుగు రోజుల్లో ఆ అరుపు ఆగాల."

సుబ్బయ్యను ఇక ఆ బండి ముట్టొద్దంది. ముసలాయన తల ఊపి పాకలోకి పోయాడు. వెదురు గొట్టం ఊడదీసి ఏం చెయ్యాలో తెలియక దాన్ని పట్టుకునే కూర్చున్నాడు.

మరుసటి రోజు నుంచి పరంజ్యోతి గేరుబాక్సును కిరసనాయిలుతో కడిగాడు. మొదటిసారి నల్లగా వచ్చింది, రెండోసారి బూడిదరంగులో. ప్రతిసారీ బిరడా బిగించి, తోలి, చెవి పెట్టి, మళ్లీ విప్పాడు. మూడో రోజు సాయంత్రం జాలి ఇత్తడి రంగుకు తిరిగింది. నాలుగో రోజు బండల లోడుతోనే అరుగు ముందుకు తెచ్చి నిలిపాడు. మూడో గేరులో సన్నటి ఈల మిగిలింది, అది పోలేదు. కమలాక్షమ్మ తల వంచి విన్నది. అది అరుపు కాదులే అంది.

ఆ తర్వాతి అమావాస్యకు పరంజ్యోతి నంద్యాలకు పోలేదు. పొద్దున్నే కింది బిరడా విప్పి, పాకలో ఉన్న సుబ్బయ్యను కేకేశాడు. ముసలాయన రానన్నాడు, అమ్మ ముట్టొద్దనింది గదా అన్నాడు. అమ్మను అడిగే పిలుస్తున్నానన్నాడు పరంజ్యోతి. బిరడాను, మెత్తటి గుడ్డపేలికను ఆయన చేతిలో పెట్టి, రాయికి మొలిచిన మీసాలు తుడవడం, జాలి కడగడం చూపించాడు. ఈసారి ఏం పొయ్యాలో, ఏం పొయ్యకూడదో కూడా చెప్పాడు. సుబ్బయ్య ఎద్దు కొమ్ములు తుడిచినట్టు ఆ రాయిని తుడిచాడు.

అట్లా మూడేళ్లు. 1960లో కమలాక్షమ్మ లారీ కొనేదాకా ఆ గేరుబాక్సు మళ్లీ విప్పలేదు. మోటు చెయ్యి అన్నవాళ్లెవరూ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. అనడం మానేశారు, అంతే. అమావాస్య బస్సు తప్పినందుకు హన్నమ్మ మాత్రం దెప్పడం మానలేదు. సవితి రోగం కుదిరింది గానీ, మొగుణ్ణి లాక్కుంది అనేది.

ప్రతి అమావాస్యకూ అరుగు మీంచి కమలాక్షమ్మ ఒకటే ప్రశ్న అడిగేది, ఎట్లుండాది అని. సుబ్బయ్య రాయిని ఎండకు ఎత్తి, కళ్లు చిట్లించి చూసేవాడు.

"మీసం పలచగుండాదమ్మా," అనేవాడు. "బండి ఇంకా చిన్నదే."