మాబు సాబ్ చెవిలో నాయన

పరుపు కుట్టించుకోవాలంటే మాబు సాబ్‌నే పిలవాలని ముదిగుబ్బలో ఒకప్పుడు చెప్పుకునేవాళ్లు. దూదేకి, గుడ్డ పరిచి, దబ్బనం పట్టుకుని కూర్చున్నాడంటే పొద్దు వాలకముందే పరుపు లేచేది. పడుకున్నవాళ్లు పదేళ్లు ఆయన పేరు తలుచుకునేవాళ్లు. ఎవరైనా పొగిడితే మాత్రం కొత్త పెళ్లికొడుకులా మెలికలు తిరిగిపోయేవాడు. అంత మెత్తని మనిషి.

ఆ చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. ఐదేళ్ల కిందట ఆయన గుమ్మఘట్టలో ఒక పెళ్లింటికి పరుపులు కుట్టడానికి పోయి ఉండగా ఇక్కడ వాళ్ల నాయన కన్నుమూశాడు. కబురంది పరుగున వచ్చేసరికి మట్టి కప్పేశారు. కొడుకుగా వేయాల్సిన మూడు పిడికిళ్ల మన్ను వేయలేకపోయాడు. ఆ తరువాత నెల తిరగకముందే చెవిలో నాయన గొంతు మొదలైంది: "మాబూ, వచ్చినావా?" ఆ గొంతు వెంటపడి ఒకసారి మూడు రోజులు గుట్టల్లో తిరిగాడు. గొర్రెలు కాసే ఓబన్న చూసి, చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చాడు.

అప్పటి నుంచి టౌనులో ఒక డాక్టరు, ఆయన ఇచ్చే మాత్రలు. అవి మేలు చేయలేదని అనలేం. నిద్ర పట్టింది, గుట్టల మీదికి పోవడం మానాడు. కానీ డాక్టరు అడిగేది ఎప్పుడూ ఒక్కటే, గొంతు ఇంకా వినపడుతోందా అని. వినపడుతోందని భార్య నజ్మా నిజం చెప్పేది, ఆయన మాత్ర పెంచేవాడు. ఆ గొంతు ఏమంటోందని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. చివరికి నాయన అక్కడే ఉన్నాడు, మాత్రల వణుకుకు చేతులు పనికిరాకుండా పోయాయి. దబ్బనానికి దారం ఎక్కించాలన్నా నజ్మానే రావాలి. మాత్ర తగ్గితే తప్ప తన పని తనకు దక్కదని ఆయన కుమిలిపోతుంటే, తగ్గిస్తే మళ్లీ గుట్టల దారి పడతాడని ఆమె హడలిపోయేది.

బట్టల కొట్టు నాగజ్యోతి ఒకప్పుడు తానూ ఇలాంటి జబ్బుతోనే ఆసుపత్రి గదిలో తాళం వెనక ఉండి వచ్చిన మనిషి. మంగళవారాలు కొట్టు మూసి, అలాంటి నలుగురినీ కూర్చోబెట్టుకుంటుంది. అక్కడ మాత్రలను ఎవరూ తిట్టరు, అలాగని మొక్కరు కూడా. జబ్బు పేరు పక్కన పెట్టి జరిగింది చెప్పుకోవాలన్నదే కట్టుబాటు. ఓబన్న చెప్పగా మొగుడూ పెళ్లాలిద్దరూ అక్కడికి పోయారు. గొంతు ఏమంటుందో మాబు సాబ్ ఐదేళ్ల తరువాత మొదటిసారి నోరు తెరిచి చెప్పాడు.

"నువ్వేం బదులు చెప్తావన్నా?" అనడిగింది నాగజ్యోతి.

బదులు చెప్పకూడదని డాక్టరు సారు అన్నాడు కదమ్మా అని ఆయన నసిగాడు. పోయినవాళ్లతో మాట్లాడే వాళ్లుంటారా అని నజ్మా కస్సుమంది.

"నజ్మక్కా, గురువారం గురువారం మీ ఇంట్లో పెద్దలకు ఫాతెహా ఇస్తారు గదా. కంచం పెట్టి, వచ్చి తిని పొండని పిల్చేది మీరే. పిలిస్తే వచ్చిన మనిషి కొడుకును పలకరిస్తే తప్పేముండాది?"

ఇంటికి పోతూ నజ్మా దారిలో ఊదుబత్తుల కట్ట కొనుక్కుంది.

ఆ గురువారం కంచంలో అన్నం పెట్టి, ఊదుబత్తి వెలిగించి, పెద్దలను పేరు పేరునా పిలిచింది. మామ పేరు రాగానే మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. మాబు సాబ్ కంచం వైపు తిరిగి, "వచ్చినా నాయనా. ఆలస్యమైపాయ," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి ఆమెకూ కళ్లు నిండాయి. ఐదేళ్లుగా ఇంట్లో తండ్రి కోసం ఏడవాల్సిన కొడుకు ఉన్నాడనీ, తను మాత్రం రోగినే చూసిందనీ అప్పుడు తట్టి ఆమె గుండె చివుక్కుమంది.

గొంతు ఆగలేదు. కాకపోతే పలకరిస్తే ఈయన పలుకుతున్నాడు, అది ఊరుకుంటోంది.

నెల తరువాత టౌనుకు పోయారు. డాక్టరు అలవాటు ప్రకారం అదే ప్రశ్న వేశాడు. నిజం చెబితే మాత్ర పెరుగుతుంది. అబద్ధం ఆ నోట రాదు. మాబు సాబ్ వణికే చేతులు ఒళ్లో దాచుకుని తల వంచుకున్నాడు. ఆయన బదులు నజ్మానే అందుకుంది.

"వినపడతాండాది సార్. వినపడనీ. ఆయప్ప మా మామ, పలకరించి పోతాడు. ఈయన చేతులు బాగయ్యేటట్టు మాత్ర తగ్గించండి."

డాక్టరు మాబు సాబ్ చేతులు ముందుకు చాపించి చూశాడు. కొద్దికొద్దిగా తగ్గిద్దామనీ, పదిహేను రోజులకొకసారి వచ్చి కనపడాలనీ చెప్పాడు. మరి మళ్లీ గుట్టల్లోకి పోతే ఏం చేస్తావమ్మా అని అడిగాడు.

"పోతే నేనూ ఎంట పోతా సార్," అంది నజ్మా. "ఆయప్ప పిల్చేది మా ఇంటోళ్లను గదా."