ఉత్త చేతులతో వెళ్ళని మనిషి

చింతామణిలో మేం అద్దెకున్న ఇంటి ఓనరు టమేటా రైతు. ఎవరింటికి వెళ్ళినా సంచిలో నాలుగు టమేటాలు వేసుకునే వెళ్ళేవాడు.

ఇంటి మీద ఆయన తీసుకున్న అప్పుకు కంతులు ఆగిపోయాక బ్యాంకు నుంచి మొదటి ఉత్తరం వచ్చింది. చదివి చెప్పాను. "ఒకసారి వచ్చి మాట్లాడమంటాండారప్పా. పోయిరాండి."

"ఉత్త చేతుల్తో యెట్ల పొయ్యేదమ్మా? ఈ తూరి రేటొస్తాది. దుడ్డు తీసుకొనే పోతా."

రేటు రాలేదు. ఉత్తరాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ప్రతిసారీ అదే మాట. నాకు ఒళ్ళు మండేది.

చివరికి ఇంటికి తాళం వేయడానికి వచ్చిన ఆఫీసరు అన్నాడు. "మొదట్లోనే వచ్చింటే కంతు తగ్గిస్తాంటిమి కదప్పా. దుడ్డు తెమ్మని ఎవరన్నారు?"

ఓనరు చేతిలో, ఆ ఆఫీసరు కోసమే తెచ్చిన టమేటాల సంచి ఉంది.