ఎదురింటి పిట్‌బుల్

మదనపల్లెలో మా ఎదురింటాయన టమోటా మండీ వ్యాపారి. బెంగళూరు నుంచి పిట్‌బుల్ పిల్లను తెచ్చి పెంచాడు. ఏడాది తిరక్కుండానే దాని మెడ దూలంలా బలిసింది. వీధికుక్కల్లా మొరిగేది కాదు. గేటు సందులో ముక్కు పెట్టి మనుషుల్ని చూసేది.

"కట్టెయ్యప్పా, భయమేస్తాండాది" అంటే, "ఏమీ చెయ్యదక్కా, మా బిడ్డ మాదిరి" అనేవాడు.

ఆ పొద్దున సోమల నుంచి మా అక్క వచ్చింది, చేతిలో చిక్కుడుకాయల సంచితో. అప్పుడే ఆయన స్కూటరు బయటికి తీయడానికి గేటు తెరిచాడు. అక్క కేక విని పరుగెత్తాను. కుక్క ఆమె కుడి ముంజేతిని కరిచి పట్టుకుని, తడిగుడ్డ జాడించినట్టు జాడిస్తోంది. అక్క వెల్లకిలా పడి ఉంది.

రోకలి తెచ్చి దాని వీపు మీద కొట్టాను. ఎముక మోగింది కానీ అది తల కూడా తిప్పలేదు. వీధంతా రాళ్లూ కట్టెలతో వచ్చింది.

"కొట్టొద్దండీ, కొట్టేకొద్దీ పట్టు బిగిస్తాది!" అని అరుస్తూ ఆయన దాని మీద కూర్చుని, మెడకు బెల్టు వేసి మెలి తిప్పాడు. ఊపిరాడక నోరు తెరిచింది. అక్క చేతి కండ వేలాడింది.

జనం బండరాయి ఎత్తారు. ఆయన కుక్కకు అడ్డం పడుకున్నాడు. దెబ్బలన్నీ ఆయనకే తగిలాయి. తల పగిలింది. నేనూ ఆయన్ను కొట్టాను. అందుకు ఇప్పటికీ బాధపడను.

కుక్కను షెడ్డులో వేసి తాళం పెట్టి, ఆస్పత్రికి మేము ఎక్కిన ఆటోలోనే ఆయన కూడా ఎక్కాడు. తన తలనుంచి నెత్తురు కారుతున్నా, అక్క చేతికి తన టవలు చుట్టి పైకెత్తి పట్టుకున్నాడు.

"తప్పైపోయిందమ్మా" అని ఏడ్చాడు.

"నీ బిడ్డ నా చెయ్యి తినేసింది గదప్పా" అంది అక్క.

ఆస్పత్రిలో నర్సు గాయాన్ని సబ్బు నీళ్లతో చాలాసేపు కడిగింది. గాయంలోకే రేబిస్ మందు సూదులు వేస్తుంటే అక్క నా భుజం కొరికేసింది.

తర్వాత నేను ఆఫీసులకు తిరిగాను. "ఆ జాతిని పెంచగూడదని కేంద్రం నుంచి ఉత్తరం వచ్చిందమ్మా, కానీ అది కోర్టులో నిలబడలేదు. లైసెన్సు, మూతికి చిక్కం, అంతే మేము అడగగలిగేది" అన్నారు మున్సిపాలిటీలో. పోలీసులు అజాగ్రత్త కింద కేసు రాసుకున్నారు.

ఆయన కుక్కను కుప్పం దగ్గర బావమరిది మామిడితోటకు పంపేశాడు. కొన్నాళ్లకు మా ఇంటికొచ్చి గడప బయటే నిలబడ్డాడు. తోటలో అది గొలుసు తెంపుకుని మేకలు మేపే ఆమె తొడను చీల్చిందట. ఊరివాళ్లు గడ్డపారలతో దాన్ని చంపేశారట.

చికిత్స కోసం మా ఇంట్లోనే ఉంటున్న అక్క వేళ్లు అప్పటికీ ముడుచుకోవడం లేదు. పాలు పితకలేక ఆవుల్ని అమ్మేసుకుంది.

"ఈడ్నించి ఆడికి పంపితే దాని పండ్లు ఊడిపోతాయనుకున్యావా?" అని అడిగింది. "యాల నిలబడినావు? బండి తియ్యి. ఆమెను సూడాల."

పుంగనూరు మీదుగా ఆయన కారులో ముగ్గురం కుప్పం పోయాం. ఆస్పత్రి మంచం మీద ఆ మనిషి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అక్క పక్కన కూర్చుని, కట్టు విప్పి తన చెయ్యి చూపించింది. ఆమె చూసి, మెల్లగా ఇటు తిరిగింది. "పోలీసులకు చెప్పినావా?" అని అడిగింది అక్క.

"చెప్పలేదమ్మా. తోటాయన వద్దన్యాడు."

"ఇప్పుడు చెప్దాం" అంది అక్క. ఎదురింటాయన లేచి, పోలీసుల్ని పిలుచుకురావడానికి తనే బయటికి వెళ్లాడు.