మొదటి పేజీలో పేరు

ఇంటర్నెట్‌లో పాత పుస్తకాలు అమ్మడం అప్పుడప్పుడే మొదలైన రోజులు. బొమ్మనహళ్ళిలో మా ఇంటి నుంచే నేనూ అమ్మేదాన్ని. కొనేవాళ్ళకు నమ్మకం కలగాలని, సొంతదారు పేరున్న మొదటి పేజీ కూడా ఫొటో తీసి పెట్టేదాన్ని. మా వీధిలో ఒంటరిగా అద్దెకుండే నర్సు సునీత తన పుస్తకాలు ఇస్తే అలాగే పెట్టాను.

వాటిలో ఒకదాని కోసం ఒకతను రోజూ ఫోన్ చేసి, అట్ట చిరిగిందా, మరకలున్నాయా, ఎవరి దగ్గర కొన్నారు అంటూ ప్రాణం తీశాడు. చివరికి చూసే కొంటానని ఇంటికే వచ్చాడు. పుస్తకం తెరిచి పేరు మీద వేలు పెట్టాడు.

"నెట్‌లో చూసి వచ్చినా. ఇది నా పెండ్లాం పేరు. యాడ ఉండాది?"

"పాత పేపర్ల అంగట్లో కొన్నానప్పా. నాకేం తెలుసు?" అన్నాను.

నన్నే చూస్తూ ఆ పేజీ చింపి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. పుస్తకం గుమ్మంలో పారేసి వెళ్ళాడు.

అతను బస్సెక్కేదాకా ఆగి సునీతకు చెప్పాను. ఆమె ఏడవలేదు. "ఈ ఊరని తెలిసిపోయిందా అక్కా?" అని మాత్రం అడిగి, పెట్టె సర్దుకుంది. ఎక్కడికని నేను అడగలేదు. తెలిస్తే ఎప్పుడైనా నా నోట వస్తుందని భయం.

మొదటి పేజీ చూపించకపోతే కొనేది లేదని ఇప్పటికీ కొందరు పోట్లాడతారు. కొనొద్దంటాను.