కంపెనీ అంగడి మూసిన ఏడాది

నా డైరీల్లో ఒకదానికి అట్ట సరిగా మూసుకోదు. పేజీలకు గుండుసూదులతో గుడ్డముక్కలు గుచ్చి ఉండడంతో అది ఉబ్బిపోయింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది డైరీ అది. ఒక్కో ముక్క కింద అంగడి ఏ వీధిలో ఉందో, ఎన్ని గంటలకు తెరుస్తారో, గుడ్డ వెడల్పు ఎన్ని అంగుళాలో రాసుకున్నాను. అన్నీ నీలం ముక్కలే. ఏ రెండూ ఒకే నీలం కావు.

అప్పుడు నేను ప్రొద్దుటూరులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. పెళ్లి కాలేదు. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దదైన అక్క నాతో ఉండేది. బావ పోయి ఆరేళ్లయింది. లింగాలలోని అత్తగారింటి వాళ్లు ఆమెను వచ్చి ఉండమని ఏటా కబురు పెట్టేవారు. ప్రేమతో కాదు. బావ తమ్ముడికి ఐదుగురు పిల్లలు, చేలో కూలీలు. వంటకు మనిషి కావాలి. అక్క ప్రతిసారీ ఒకే జవాబు చెప్పి పంపేది: "నా కుట్టుమిషను ఆడినన్ని దినాలు నేను యాడికీ రాను."

నేనున్నాను కదా, మిషను ఆడకపోతే మాత్రం ఏమని ఒకసారి అన్నాను. "నేడో రేపో నీకు పెండ్లాం వస్తది. ఆ యమ్మ చేతి కూడు ఊరికే తినేదానికి నేను ఉండను అబ్బీ" అంది. ఆ మాట మీద ఆమెతో వాదించి లాభం లేదని నాకు తెలుసు.

ఆ మిషనును ఆడిస్తున్నది జమ్మలమడుగులో ఒక ఆడపిల్లల హాస్టలు. జూన్‌లో బడి తెరిచేలోగా పిల్లలందరికీ నీలం పావడాలు, తెల్ల జాకెట్లు కుట్టి ఇవ్వాలి. అంతకుముందు కుట్టిన దర్జీ గుడ్డ రంగు దిగి జాకెట్లన్నీ మరకలయ్యాయట. అందుకని వార్డెనమ్మ అక్కకు పని అప్పజెప్పింది. అక్క తెచ్చే గుడ్డ ఎన్ని ఉతుకులకైనా రంగు విడిచేది కాదు. ఇరుగుపొరుగు వాళ్ల రవికలు కూడా కుట్టేది గానీ, వాటితో నూలు ఉండల ఖర్చు మాత్రం వెళ్లేది.

ఆ గుడ్డ కంపెనీ అంగడిది. మద్రాసు వైపు మిల్లు వాళ్లు చాలా ఊళ్లలో పెట్టినట్టే ప్రొద్దుటూరులోనూ ఒక అంగడి పెట్టారు. గుడ్డ అంచు మీద మిల్లు ముద్ర, నంబరు ఉండేవి. నంబరు చెబితే చాలు, పోయినేడు కొన్న నీలమే ఈ ఏడూ దొరికేది. బేరం లేదు. లోపల కూర్చున్నవాడు జీతగాడు. తొమ్మిదికి తలుపు తీసేవాడు, అయిదుకు వేసేవాడు. గుంపు చేరకముందే పని చూసుకోవచ్చని అక్క తొమ్మిదికల్లా పోయేది. చాలాసార్లు మొదట గడప తొక్కేది ఆమే.

ఆ ఏడు మార్చిలో తలుపుకు ఒక కాగితం అంటించారు. అన్ని ఊళ్లలో అంగళ్లూ మూస్తున్నారు, ఇకమీదట సరుకు టోకు వర్తకులకే అమ్ముతారు అని దాని సారాంశం. కడపలో అడిగి చూద్దామని పోయాను. అక్కడా అదే కాగితం.

అక్క ప్రొద్దుటూరు బజారులో వెతకడం మొదలుపెట్టింది. నేను ఆఫీసుకు పోతూ ఒకరోజు ఆమెను బట్టల అంగడి ముందు చూశాను. తిన్నె మీద, కొంగు నెత్తిన కప్పుకుని కూర్చుంది. లోపల వర్తకుడు పరుపు మీద ఖాళీగా విసనకర్ర విసురుకుంటున్నాడు.

"ఏందక్కా, ఈడ కూర్చున్యావు?"

ఆమె బదులు వర్తకుడే చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు. "ఇంగా బోణీ గాలేదప్పా. కూర్చోమన్యా. ఎవురన్నా ఒకరు వచ్చిపోతే పిలుస్తా."

పొద్దున మొదటి బేరం విధవతో చేయకూడదని వాళ్ల పట్టింపు. తెలియని సంగతి కాదు. కానీ మా అక్క అలా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. కంపెనీ అంగడి జీతగాడికి బోణీతో పని లేదు. అన్నేళ్లూ మేము కొన్నది నంబరు వేసిన గుడ్డ ఒక్కటే కాదని నాకు ఆ తిన్నె దగ్గర అర్థమైంది.

సాయంత్రం నేను కోపంగా ఉంటే ఆమె నవ్వింది. "నువ్వు పోయినంక ఎవురో కొత్త కోడలు వచ్చె. చేతి నిండా గాజులు, ఇంత బొట్టు. ఆయప్ప 'రామ్మా లచ్చిమీ' అని లేసి నిలబడె. గంటసేపు తానులన్నీ ఇప్పించి, ఒక రుమాలన్నా కొనకుండ పాయ. ఆయప్ప మొగం చూడాల్సింది అబ్బీ! నేనే నయమనుకోనుంటాడు."

గుడ్డ దొరికిందా అంటే లేదంది. ఆమెకు గుడ్డ చూసే పద్ధతి ఒకటుండేది. కొసను నోట్లో పెట్టుకుని తడిపి, పంటితో కొంచెం నలిపి, ఒక తెల్లముక్క మీద గట్టిగా రుద్దేది. గంజి ఎంత పట్టించారో నాలుక చెబుతుంది, రంగు నిలుస్తుందో లేదో తెల్లముక్క చెబుతుంది. కంపెనీ అంగడిలో ఆ అవసరం రాలేదు. బజారులో మాత్రం వర్తకులు ఇబ్బంది పడేవారు. "ఏందమ్మా, గుడ్డ కొంటావా, తింటావా?" అని ఒకాయన అడిగాడట. "తిని బాగుంటే కొంటా" అందట ఈమె.

ఏప్రిల్ అంతా అలాగే గడిచింది. మగ్గం గుడ్డలు చూశాం. మంచివే గానీ వెడల్పు చాలదు, పావడాకు అతుకు పడుతుంది. మే నెల మొదట్లో ఒక ఆదివారం ఇద్దరం జమ్మలమడుగు పోయాం. అక్కడ ఒక ముసలి సాయిబు దర్జీ ఉండేవాడు. అక్కతో ఆయనకు పరిచయం. నేను చూపిన పాత నీలం ముక్కను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"కంపెనీ సరుకా? అది ఖతమైపాయ కదమ్మా. మిగిలిన తానులు పులివెందులలో ఒక సెట్టి ఎత్తకపాయెనని విన్యా. బస్టాండు ఎనక వీధి. జల్దీ పో. ఉంటే ఆడ ఉండాల, లేకుంటే లేదు." కత్తెర తుడుచుకుంటూ, "ఇంగొక మాట. హాస్టలోళ్లు నన్ను అడిగినారు తల్లీ. నెలాఖరుకు నీకు గుడ్డ దొరక్కుంటే నన్ను కుట్టమన్యారు. నేను పోయి అడగలేదు, అల్లా తోడు" అన్నాడు.

"నువ్వు అడగవని నాకు తెలీదా మామా" అంది అక్క.

మరుసటి వారం హాస్టలు వాళ్లు గుడ్డకని ముందుగా ఇచ్చిన డబ్బు తీసుకుని తొలి బస్సుకు బయలుదేరాం. ముద్దనూరులో బస్సు మారి, పులివెందులలో దిగేసరికి తొమ్మిది కావస్తోంది. అప్పటికే ఎండ మండుతోంది. అక్కను బస్టాండులో నీడన కూర్చోబెట్టి, అంగడి ఎక్కడో కనుక్కుని వస్తానని పోయాను.

అంగడి తెరిచే ఉంది. సెట్టి అగరువత్తులు వెలిగించి, గల్లాపెట్టెకు దండం పెట్టుకుంటున్నాడు. లోపల ఎవరూ లేరు. అది చూడగానే నాకు తిన్నె గుర్తొచ్చింది. వెనక్కి పోయి అక్కను పిలుచుకువస్తే ఆయన ఏమంటాడో తెలుసు. ఈ ఊరిలో, ఈ ఎండలో, ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు ఆమె మళ్లీ అలా కూర్చోకూడదనుకున్నాను. నేనే లోపలికి పోయాను.

"రాప్పా, రా! పొద్దన్నే వచ్చినావు, మంచి బోణీ. ఏం గావాల?"

ముక్క చూపించాను. ఆయన ఒక నీలం తాను తీసి నా ముందు దొర్లించాడు. వాకిట్లో వెలుతురుకు పట్టి చూశాను. రంగు సరిగ్గా కలిసింది. రెండు నెలల్లో అంత దగ్గరి నీలం చూడలేదు.

"కంపెనీదేనా?"

"కంపెనీదే అనుకో. ఆ మిల్లుది గాకున్యా దాని తమ్ముడు మిల్లుది."

ఒక గజం మాత్రం చించి ఇవ్వండి, మనిషికి చూపించి వస్తాను అన్నాను. ఆయన మొహం మాడింది. "బోణీ బేరమప్పా. తాను ఇప్పినంక ముక్క తీసకపోతే నాకు దినమంతా ముక్కలే. తీసకపోతే నిండుగ తీసకపో. నువ్వు ఆడోళ్ల మాదిరి అనుమానపడితే ఎట్ల?"

ఎవరి బోణీ నుంచి అక్కను తప్పించాలని వచ్చానో, అదే బోణీకి నేను కట్టుబడిపోయాను. మొదటి గిరాకీగా వచ్చి ఉత్తచేతులతో పోతే తప్పని నాకూ చిన్నప్పటినుంచి ఒంటబట్టిందే. హాస్టలుకు కావలసిన గజాలన్నీ కొలిపించాను. కొస నోట్లో పెట్టుకోవాలని తోచలేదు. తోచినా ఆయన ముందు సిగ్గుపడి ఉండేవాణ్ణి.

మూట భుజాన వేసుకుని బస్టాండుకు వచ్చాను. అక్క లేచి నిలబడింది. "అంగడి తెరిచినాడా?"

"ఇప్పుడే తెరిచినాడు. దొరికిందక్కా."

ఆమె మూట విప్పి కొస పట్టుకుంది. వేళ్లతో నలిపింది. తర్వాత నోట్లో పెట్టుకుంది. తెల్లముక్క తీసి రుద్దింది. ముక్క మీద నీలం పడింది, సిరా కారినట్టు. ఆమె ఉమ్మేసి, నోరు కడుక్కుని, "పా, అంగడి చూపీ" అంది.

సెట్టి చించిన గుడ్డ వాపసు తీసుకోనన్నాడు. అది అందరూ అనే మాటే. అప్పుడు అక్క కింది అర వైపు చూసి వంగింది. అక్కడ నాలుగు తానులున్నాయి. అంచు మీద మిల్లు ముద్ర నాకు కూడా కనిపించింది. నంబరు కూడా అదే.

"ఇవి గూడ ఉండాయి గదప్పా" అంది ఆమె.

"ఉండాయమ్మా. రేటు ఎక్కువని కింద పెట్టినా. నువ్వు వచ్చి అడిగింటే చూపిస్తాంటి. ఈయప్ప రంగు చూసి సరే అనె." ఆయన గొంతులో మోసం లేదు. నిజంగానే నొచ్చుకున్నట్టున్నాడు. మా చేతిలో బస్సు చార్జీలు మాత్రమే మిగిలాయి. నాలుగు రోజులు ఎవరికీ అమ్మవద్దని బతిమాలితే, "నా చేతనైనంత చూస్తా" అన్నాడు.

తిరుగు బస్సు ముద్దనూరు దగ్గర పడుతుండగా ఆమె అడిగింది. "నేను వస్తే కూర్చోమంటాడనే గదా నన్ను పిలవలేదు?"

నేను తలూపాను.

"కూర్చోనిచ్చింటే సరిపోయేది అబ్బీ. ఒక గంట. బోణీ అయ్యేదాకా కూర్చోవడం నాకు కొత్తా? సిగ్గు నీది. నాది గాదు."

ఇంటికి వచ్చి ఒక గజం చించి నానబెట్టింది. నీళ్లు నీలమయ్యాయి. పారబోసి మళ్లీ పెట్టింది. మూడోసారి కూడా నీళ్లు తేటపడలేదు. గంజి పోయాక గుడ్డ పలచగా, వల మాదిరి తేలింది. గజానికి ఎన్నో అంగుళాలు ముడుచుకుపోయింది. మిగతాది తడపకుండానే కుట్టి ఇచ్చేద్దాం, మొదటి ఉతుకు దాకా ఎవరికి తెలుస్తుంది అన్నాను. అది నేనన్న మాటే. ఆమె నా వైపు చూసి, "ఆ పిల్లోళ్లకు తెలుస్తది" అంది.

నేను జీతం ముందుగా అడిగి తీసుకుని, అయిదో రోజు ఒంటరిగా పులివెందుల పోయాను. కింది అర ఖాళీగా ఉంది. పెళ్లివాళ్లు ఎవరో వచ్చి ఇంటిల్లిపాదికీ ఒకే నీలం కావాలని అన్నీ పట్టుకుపోయారట. "ఒక్కదినం ముందు రాకూడదా అప్పా" అన్నాడు సెట్టి.

హాస్టలు డబ్బు అదే జీతంలోంచి వాపసు ఇచ్చాం. ఆ ఏడు పావడాలు జమ్మలమడుగు సాయిబు కుట్టాడు. మిషను ఆగిపోయింది; అక్క జూలైలో లింగాలకు కబురు పంపింది. ఆమె మరిది బండితో సహా వచ్చాడు. మిషను కూడా ఎక్కిద్దామా అని నేనంటే, "ఆడ స్థలం లేదులే" అన్నాడు. అక్క రెండు చీరల మూట ఒళ్లో పెట్టుకుని బండిలో వెనుకవైపు కూర్చుంది.

మరుసటి ఎండాకాలం చూసి రావడానికి పోయాను. వంటింటి వాకిట్లో చేటలో బియ్యం చెరుగుతోంది. ఆ ఇంటి ఆడవాళ్ల రవికలు అక్క కుట్టినవి కావని చూడగానే తెలిసిపోయింది. చంకల దగ్గర ముడతలు పడుతున్నాయి.

"నీకు కుట్టు వచ్చని వీళ్లకు చెప్పలేదా?" అని మెల్లగా అడిగాను.

"తెలుసు." చేటలో రాయి ఏరి పక్కన వేసింది. "పొద్దన్నే నా మొగం చూసేదానికే జంకుతాండారు. నేను కుట్టిన రవిక తొడుక్కుంటారా?"

లోపలినుంచి ఎవరో బియ్యం ఇంకా కాలేదా అని కేక వేశారు. ఆమె చేట ఎత్తుకుని లేస్తూ, నా బస్సు ఎన్ని గంటలకని అడిగింది.