ముబిరు వంశం చెప్పుకున్న రోజు

మసాకా పట్నం దగ్గర మా కొండవాలు ఊళ్ళలో ఎరిసా ముబిరును ఎరగనివాళ్ళు లేరు. ఊటబావికి రాతికట్టు కట్టించింది ఆయన. బడికి రేకుల కప్పు వేయించింది ఆయన. కాఫీ తోటలకు తెగులు తగిలి ఊరంతా మొక్కలు పీకేస్తుంటే, మొదలు దాకా నరికి మళ్ళీ చిగురు తెప్పించి చూపించిందీ ఆయనే. చదివింది నాలుగో తరగతి. అయినా పెళ్ళి మాటలకైనా చావు సభకైనా మా మమాంబా తెగ తరఫున లేచి మాట్లాడాలంటే ఆయన తర్వాతే ఎవరైనా. మమాంబా అంటే మా చెరువుల్లోని చేప. అది మాకు తోబుట్టువు, మేం తినం.

మా వాళ్ళలో పెద్దమనిషి నలుగురిలో నోరు విప్పితే ముందు తన వంశం చెప్పుకోవాలి. ముబిరు తెల్లటి అంగీ మీద కోటు తొడుక్కుని, "నేను ముబిరును, ముత్యాబా కొడుకును..." అని ఎత్తుకుంటే తాతముత్తాతల్ని దాటి బావికట్టు దాకా వచ్చేవాడు. వినేవాళ్ళకు విసుగు పుట్టేది కాదు.

అలాంటి మనిషికి ముసలితనంలో ఒక కష్టం వచ్చిపడింది. తమ్ముడి కొడుకు కద్దూ మోటారు సైకిల్ మీద పోతూ లారీ కింద పడ్డాడు. భార్య అంతకు ముందే జ్వరంతో పోయింది. వాళ్ళ పిల్ల నన్సుబుగా మసాకా అనాథాశ్రమం పాలైంది. తెల్లజాతి దంపతులు ఆ పిల్లను దత్తతకు అడిగారు. పరాయి దేశం వాళ్ళకు పిల్లనివ్వాలంటే వాళ్ళు ముందు ఇక్కడే ఏడాది కాపురముండి పెంచి చూపించాలి. పిల్ల బంధువుల్లో సాకేవాళ్ళు ఎవరూ లేరని కోర్టుకు తేలాలి. ఏడాది వాళ్ళు ఉన్నారు. మిగిలింది బంధువుల మాట.

ముబిరు ఇల్లిల్లూ తిరిగాడు. తెగ కూటంలో కూడా అడిగాడు.

"నా ఇంట్లో ఉన్నవాళ్ళకే చాపలు చాలక ఒకడు తలుపుకడ్డంగా పడుకుంటున్నాడు మామయ్యా" అంది ఒక కోడలు.

అన్నకొడుకు కిజ్జా నవ్వాడు. "ఊరికి బావి కట్టినోడివి బాబాయ్, పిల్లకింత గంజి కాయలేవా?"

కాస్తానన్నాడు ముబిరు. సంక్షేమ ఉద్యోగిని వచ్చి ఇల్లు చూసింది. ఆయన రెండు కళ్ళకూ పొర, భార్య డెబోరా మంచంలో. "తాతా, మీకే ఒకరు వండిపెట్టాలి" అని చెప్పి వెళ్ళిపోయింది.

వాయిదా రోజు ఆ దంపతుల లాయరమ్మ అకెల్లో ఆయన్ను కోర్టు గుమ్మంలోనే పట్టుకుంది. "జడ్జిగారు అడిగేది ఒకటే. పిల్లకి మీ వాళ్ళల్లో దిక్కెవరైనా ఉన్నారా అని. జవాబు చెప్పి ఊరుకోండి. బావి సంగతి ఎత్తకండి."

ముబిరు బస్సులోనే ఒక నిర్ణయానికి వచ్చాడు. ఎవరూ మిగల్లేదు, అందరూ పోయారు అని చెప్పేస్తాడు. బతికున్న వాళ్ళను నోటితో చంపటం పాపమే. కాని ఉండీ కాదన్నారని పరాయివాళ్ళ ముందు చెప్పటం కన్నా ఆ పాపమే నయమనుకున్నాడు.

బోనెక్కాడు. జడ్జమ్మ మా భాష మాట్లాడే మనిషే. "పెద్దాయనా, మీరెవరో చెప్పండి" అంది.

అరవై ఏళ్ళుగా ఆ ప్రశ్నకు ఆయన నోట్లో ఉన్న జవాబు ఒకటే. "నేను ముబిరును, ముత్యాబా కొడుకును, పెద్ద ముబిరు మనవణ్ణి. మాది మమాంబా తెగ. బావికి కట్టు కట్టాను. బడికి కప్పేశాను. మా ముత్యాబా గడపలో ఇవాళ ముప్పై ఇళ్ళున్నాయి. ఏ ఇంటా పొయ్యి ఆరలేదు."

చెప్పేశాక గానీ ఏం చెప్పాడో ఆయనకు తెలియలేదు. లాయరమ్మ తల దించుకుంది.

"ముప్పై ఇళ్ళు" అంది జడ్జమ్మ నెమ్మదిగా. "ఒక్క ఇంట్లో కూడా ఈ పిల్లకి ఒక చాప లేదా?"

ముబిరు బోను చెక్కను పట్టుకున్నాడు. వెనక బల్ల మీద కిజ్జా ఉన్నాడని తెలుసు. కళ్ళకు ఆనలేదంతే.

"అందరూ ఉన్నారమ్మా. చల్లగా ఉన్నారు. అడిగాను. ఒక్కళ్ళూ సరేనన్లేదు."

"మీరో?"

"నేనన్నాను. మీ వాళ్ళే వద్దన్నారు. వాళ్ళ తప్పు లేదు."

జడ్జమ్మ చాలాసేపు రాసుకుంది. "దేశం దాటించటం ఆఖరి దారి అంటుంది చట్టం. ముందున్న దారులు మీ వాళ్ళే మూసేశారు" అని పిల్లను ఆ దంపతులకు ఇచ్చింది.

వసారాలో కిజ్జా అడ్డం వచ్చాడు. "ముప్పై ఇళ్ళ పరువూ తీసుకెళ్ళి అక్కడ పోశావు కదా బాబాయ్."

"కుండ నిండుగా ఉందనుకున్నానురా. వంచితే తెలిసింది."

తెల్లావిడ పిల్లను చంకనేసుకుని వచ్చింది. ఏడాదిలో మా మాట కాస్త నేర్చింది. "తాతా, పిల్లకి ఏం చెప్పమంటారు?"

ముబిరు పిల్ల పాదం తడిమాడు. "ఏమీ వద్దమ్మా. మమాంబా చేప ఒక్కటి పెట్టకు. ఎంత ఆకలైనా సరే. తను ఎవరో ఆ పిల్లకి తెలిసేది దాంతోనే."

ఆవిడ ఊరడింపుగా నవ్వింది. "భయపడకండి. మా దేశంలో ఆ చేపే దొరకదు."

ఆయన మంచిదన్నట్టు తలూపాడు. మెట్లు దిగుతుండగా తట్టింది. దొరకని చేపను వద్దనేదెట్లా? వెనక్కి తిరిగేసరికి కారు వెళ్ళిపోయింది.

వానలు వెలిశాక కిజ్జా కూతురి పెళ్ళి మాటలు జరిగాయి. ఆయన్ను కాదని ఇంకొకరిని లేపే ధైర్యం ఎవరికీ లేదు. తెల్లటి అంగీ, కోటు, అన్నీ మామూలే. లేచాడు. "నేను ముబిరును" అన్నాడు. కూర్చున్నాడు.

మిగతాది చెబుతాడని సభ చాలాసేపు ఎదురుచూసింది.