కొత్తిమీర కాళ్ళకి నీళ్ళు

ఇంట్లో ఇంకా ఫ్రిజ్ లేని తొంభైల నాటి మాట. చోడవరంలో అనకాపల్లి బస్సెక్కేసరికే నా కొత్తిమీర కట్ట తల వాల్చేసింది. వాడిపోకూడదనే వడ్డాదిలో కొన్న వెంటనే ఆకుల మీద నీళ్ళు చల్లి, పాలిథిన్ కవర్లో బిగించి కట్టాను. ఎప్పుడూ అలాగే చేసేవాణ్ణి, ఎప్పుడూ మా ఆవిడ చేత చీవాట్లు తినేవాణ్ణి.

పక్క సీట్లో ఒక పెద్దావిడ కూర్చుంది. ఆవిడ ఒళ్ళో స్టీలు గ్లాసు, అందులో వేళ్ళు మునిగేలా నిలబెట్టిన కొత్తిమీర. నా కవరు విప్పించి చూసి ఆవిడ నవ్వేసింది.

"ఇదేటి బాబూ, ఇలా సేసేవు? ఇంటికొచ్చిన సుట్టానికి కాళ్ళకి నీళ్ళిస్తామా, నెత్తి మీద పోసి గదిలో పెట్టి తాళమేస్తామా?"

అంతలో ఎదురుగా చెరకు లారీ అడ్డం రావడంతో డ్రైవరు బ్రేకు వేశాడు. గ్లాసులో నీళ్ళు సగం నా పాదాల మీద పడ్డాయి.

"సూడు, నీకూ ఇచ్చేసేను!" అంది. ముందు సీటువాళ్ళు కూడా నవ్వారు.

తర్వాత నా కట్టలో నలిగిన ఆకులు ఏరేసి, మిగిలిన తడిని చీర చెంగుతో ఒత్తి, తన గ్లాసులోనే చోటిచ్చింది. అనకాపల్లిలో దిగేసరికి అది కాస్త తలెత్తింది.

"సుట్టాన్ని తీసుకుపో బాబూ, గ్లాసు మాత్రం నాది," అంది.

ఇప్పుడు ఇంట్లో పెద్ద ఫ్రిజ్ ఉంది. అయినా నేను బజారు నుంచి కొత్తిమీరతో రాగానే మా ఆవిడ వంటింట్లోంచి కేకేస్తుంది:

"చుట్టాలొచ్చేరు, కాళ్ళకి నీళ్ళివ్వండి!"